నక్క ఇంటి చెలమ

ఆ ఎండాకాలం వాగులో ఇసక తప్ప ఏమీ మిగల్లేదు. ఉన్న నీళ్లు ఇసక అడుగునే. జంతువులన్నీ గోళ్లు అరిగేదాకా తవ్వితే ఒక్క చెలమ పడింది. దానికో కట్టుబాటు పెట్టుకున్నాయి: మూతి పెట్టొచ్చు, కాలు పెట్టకూడదు. ఒకరు తాగాక మళ్లీ నీరు ఊరేదాకా వెనకవాళ్లు ఆగాలి.

ఆగడమంటే నక్కకు ఒళ్లుమంట. కాస్త దిగువన, తన బొరియ గుమ్మంలోనే సొంత చెలమ తవ్వుకుంది. చుట్టూ రాళ్లు పేర్చింది. పిల్లల్ని కూడా అందులోకి తుమ్మనిచ్చేది కాదు. ఇంటి నీళ్లంటే అంత శుచి!

మరి స్నానమో? అందరి చెలమలో. తాగడానికి పనికొచ్చే నీళ్లను ఒంటిమీద చిమ్ముకునేది. చచ్చిన కుందేలును జాడించి, పేగులు అక్కడే వదిలేసి, తోకూపుకుంటూ ఇంటికి పోయేది.

ఒకరోజు అడవిపంది అడ్డం తగిలింది.

"ఏంది బావా, తాగే నీళ్లలో ఈ పని?"

"మా ఇంటి నీళ్లు తేటగా ఉన్నాయి, వచ్చి చూసుకో."

"మేం తాగేది ఇక్కడ!"

"ఇది అందరిదీ కదా! అందరిలో నేనూ ఒకణ్ణి. నా వాటా మురికి నేను వేసుకున్నా."

పంది కోరలు నూరింది. "తాబేలత్తా, వీడి పొట్ట చీల్చేస్తా!"

"చీలిస్తే ఆ పేగులు కూడా ఇందులోనే పడతాయి, ఆగు" అంది ముసలి తాబేలు. వాగు ఇసకలోనే పుట్టి పెరిగిన ప్రాణం అది. నక్కవైపు తిరిగింది. "అల్లుడూ, ఈ చెలమ నీకే వదిలేస్తాం. మేం ఎగువన ఇంకోటి తవ్వుకుంటాం. తర్వాత మమ్మల్ని ఒక్క మాట అనకూడదు."

"ఎందుకంటాను అత్తా! నీ నోట్లో చక్కెర పొయ్య!"

నక్క తన తోక తానే తొక్కుకునేంత సంబరపడింది. ఇక ఈకలు, ఎముకలు, కుళ్లిన మాంసం, ఏది మిగిలినా అందులోకే.

"ఇంత చెత్త ఎక్కడ పోస్తున్నావయ్యా?" అనడిగింది పెళ్లాం.

"మన గడప అవతల. నీకెందుకు?"

కొన్నాళ్లకు ఆ పెళ్లామే గుమ్మంలో నిలబడి గావుకేక పెట్టింది. "ఏమయ్యో! మన చెలమ కంపు కొడుతోంది. పిల్లలు మూతి పెట్టట్లేదు. నాలుకలు పిడచకట్టుకుపోతున్నాయి!"

నక్క ఒక గుక్క తాగి ఉమ్మేసింది. ఆ కుందేలు రుచి ఎక్కడో తెలిసినట్టే ఉంది.

ఎగువకు పరుగెత్తింది. "నా ఇంటి నీళ్లు పాడుచేసిందెవరు? అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలన్నీ మాయం!"

"రొయ్యలు కాదు అల్లుడూ, కుందేలు" అంది తాబేలు. "పైకి గుంటలు వేరు గానీ ఇసక కింద పారే నీరు ఒకటే. మేం ఎగువన, నువ్వు దిగువన, మధ్యలో నీ మురికి."

వెనకే వచ్చిన పిల్లలు నాలుకలు వేలాడేసి నిలబడ్డాయి. నక్క తాబేలు ముందు సాగిలపడింది. "నేను చచ్చినా ఫర్వాలేదు, వీళ్లను తాగనీ అత్తా."

"తాగుతారు. పసివాళ్లు, వాళ్లేం చేశారు? నువ్వు మాత్రం నీకొదిలేసిన ఆ చెలమ తోడి, మురికి దూరంగా పారబొయ్యి. తేటనీరు ఊరేదాకా తోడు."

నక్క ఆ పాత చెలమ దగ్గరికి పోయి, గుంటలోకి కాలు దించబోయింది. అడవిపంది కోర అడ్డం పెట్టింది.

"కట్టుబాటు మరిచావా బావా? కాలు పెట్టకూడదు. మూతే."

నీతి: గడప అవతల పోసిన మురికి, తిరిగి మన కడవలోకే వస్తుంది.