పీరుతాత నమిలిన గరిక

రండర్రా, దగ్గరికి జరగండి. చాప చాలకపోతే ఒకరి ఒళ్లో ఒకరు సర్దుకోండి. గొంతు పెంచి చెప్పే కథ కాదిది.

ఎర్రకొండ మీద ఒక ఫకీరు ఉండేవాడు. ఊళ్లో అన్ని కులాలవాళ్లూ ఆయన్ని పీరుతాత అనేవాళ్లు. నవాబు పల్లకీ దిగి వచ్చినా లేచి నిలబడని మనిషి. ఆ నడుము వంగేది ఒక్క నమాజులోనే.

ఆయన శిష్యుడు లతీఫ్. కొండెక్కి వచ్చినవాళ్లకు వండి వడ్డించే పని అతనిది. తన వడ్డన దగ్గర కడుపు నిండకుండా లేచినవాడు లేడని లోలోపల మహా గర్వం.

అలాంటివాడికి ఒక కుందేలు ఎదురుతిరిగింది.

సంత వ్యాపారి ఎవరో మొక్కు తీర్చుకుంటూ ఇచ్చిపోయిన తెల్ల కుందేలు. లతీఫ్ ముద్దుచేసి మొదట ఖర్జూరం పెట్టాడు, తర్వాత అరటిపండు. అంతే, గడ్డి చూపిస్తే మూతి తిప్పుకోవడం మొదలెట్టింది. తీపి పడక కడుపు చెడింది. డొక్కలు లోపలికి పోయాయి. చివరికి ఖర్జూరం కూడా వాసన చూసి వదిలేసింది. లతీఫ్ ఇత్తడి పళ్లెంలో లేతగడ్డి పెట్టుకుని మోకాళ్లమీద దాని వెనకే తిరిగేవాడు.

"ఒక్క పరక తినమ్మా, నా బంగారం కదూ!"

కొండెక్కి వచ్చిన ముసలమ్మ ఒకతె అది చూసి నవ్వింది. "కొత్తల్లుడికైనా ఇంత మర్యాద జరగదు కదరా!"

లతీఫ్‌కు నవ్వు రాలేదు. గురువు దగ్గరికి పరుగెత్తాడు.

"బాబా, అది బతికేలా లేదు. మీరు దువా చదివి ఒక్కసారి ఊదండి."

"నువ్వు తిన్నావా?" అన్నాడు తాత.

"నాదేముంది బాబా! అందరూ వెళ్లాక మూలన నిలబడి రెండు ముద్దలు."

తాత లేచాడు. కుందేలును చంకనెత్తుకుని గుడిసె వెనక్కి నడిచాడు. రాత్రి కురిసిన వానకు అక్కడ గరిక ఏపుగా లేచి ఉంది. కుందేలును దింపి, దానికి వీపు తిప్పి మోకాళ్లమీద కూర్చున్నాడు.

ఆ నడుము వంగింది. గడ్డం నేలను తాకింది. పెదాలతో ఒక పరక తెంపుకుని తాత నిదానంగా నమిలాడు.

"బాబా!" లతీఫ్ ఒక అడుగు ముందుకేశాడు.

తాత ఇంకో పరక అందుకున్నాడు.

కుందేలు చెవులు నిక్కాయి. ఒక గెంతు గెంతి ఆగింది. మళ్లీ ఒక గెంతు. ఆయన గడ్డం పక్కన ముక్కు పెట్టి చాలాసేపు వాసన చూసింది. ఆ తర్వాత, కరకరమని చప్పుడు.

గరికలో తెల్లటి తల ఒకటి, తెల్లటి వీపు ఒకటి, పక్కపక్కనే మెల్లగా కదులుతున్నాయి. లతీఫ్ పళ్లెం కింద పెట్టాడు. తనకు తెలియకుండానే కాళ్ల చెప్పులు విడిచాడు.

తాత లేచేసరికి గడ్డంలో ఒక పరక వేలాడుతోంది.

"పెట్టేవాణ్ణి చూస్తే అలక పుడుతుంది బేటా. తినేవాణ్ణి చూస్తే ఆకలి పుడుతుంది."

ఆ సాయంత్రం లతీఫ్ అందరికీ వడ్డించాడు. గరిటె పక్కన పెట్టి, పంక్తి చివర ఒక విస్తరాకు వేసుకుని కూర్చున్నాడు.

"నువ్వూ మాతో తింటావట్రా!" అంది ఆ ముసలమ్మ ఆశ్చర్యంగా, ముద్ద చేతిలోనే ఉంచుకుని.

సరే, లేవండిక. పొద్దుపోయింది, ఇళ్లకు వెళ్లి అన్నాలు తినండి. మీ కంచం పక్కన అమ్మకూ ఒక కంచం పెట్టండి.