నాలుగంగుళాల ఎత్తు

పండన్న జీపుని నాలుగంగుళాలు లేపాడు. లేవడమైతే బాగానే లేచింది. తిన్నగా పోవడమే మానేసింది.

జీపు గాసన్న అనే అతనిది. కొండ మీది గొందిమెట్ట ఊరికి వెళ్ళే బండి అదొక్కటే. దారిలో రాళ్ళకి అడుగు తగులుతోంది, ఎత్తు చెయ్యమని షెడ్డుకి తెచ్చాడు. పండన్న ఎనిమిదేళ్ళుగా సన్నిబాబు మేస్త్రి దగ్గర పనిచేస్తున్నాడు. మొదటినుంచి చివరిదాకా తానొక్కడే చేసిన మొదటి బండి ఇదే. ఇరుసుల మీద బండి బరువు మోసే కమాన్లు కొత్తవి వేశాడు. వాటిని ముందువైపు ఛాసిస్‌కి పట్టి ఉంచే లింకులు పొడుగు చేశాడు. గర్వంతో పండన్న మెడ కాస్త నిక్కింది. నిక్కదా మరి!

ఘాట్ రోడ్డు మొదట్లో ఉన్న ఆ షెడ్డుకి ఒక ఆనవాయితీ ఉంది. బండి ఎవరు చేస్తే, మొదటి ట్రిప్పులో వాళ్ళ ఇంటిమనిషి ఎక్కాలి. శుక్రవారం పొద్దున్న పండన్న భార్య దేవుడమ్మ ఎక్కబోతోంది. ఆమెకి ఏడో నెల. పుట్టిల్లు గొందిమెట్టలోనే.

గురువారం మధ్యాహ్నం రోడ్డెక్కించి చూస్తే జీపు కల్లు తాగినవాడిలా అటొకసారి ఇటొకసారి తూలింది. స్టీరింగ్ బాక్సు లూజనుకుని పండన్న దాన్ని బిగించాడు. స్టీరింగ్ బిర్రుగా అయింది. రోగం కుదిరిందనుకుని మేస్త్రిని పిలిచాడు.

మేస్త్రి వచ్చి పక్క సీట్లో కూర్చున్నాడు. షెడ్డు వెనక ఖాళీ జాగాలో పండన్న బండిని గుండ్రంగా తిప్పుతుంటే, మలుపు మధ్యలో నెమ్మదిగా అన్నాడు.

"సేతులొగ్గీ."

పండన్న చేతులు వదిలేశాడు. స్టీరింగ్ వెనక్కి రాలేదు. వంకర తిరిగిన చక్రాలు అలాగే ఉండిపోయి, బండి అదే వంపులో గట్టు మీదికి పోయింది. పండన్న బ్రేకు తొక్కాడు.

"బాక్సు ఇంకొంచెం సూడాల మేస్త్రీ," అన్నాడు దిగుతూనే. "మిగతా పనిలో తప్పు నేదు. బ్రేకు పైపులు కూడా పొడుగువి ఏసినాను. నాలుగు మూలలా టేపెట్టి కొలిసినాను. సూదిమొనంత తేడా నేదు."

"ఎత్తు కొలిసినావు," అన్నాడు మేస్త్రి. "రేపు దేవుడమ్మ ఎక్కుతాదా?"

ఘాట్‌లో మలుపులు పద్నాలుగు. ఆ పద్నాలుగు చోట్లా ఒక్కసారిగా పండన్నకి దేవుడమ్మ కనిపించింది. భయం వేసింది.

మేస్త్రి తిట్టలేదు. గోడకి ఆనించి ఉన్న తన పాత సైకిలు వైపు చెయ్యి చూపించాడు.

"సీటొక్కటే పట్టుకుని గేటు దాకా తోసుకెళ్ళు. హేండిలు ముట్టుకోకు."

ఇదేం పరీక్షో పండన్నకి అర్థం కాలేదు. తోశాడు. సైకిలు బుద్ధిగా గేటు దాకా తిన్నగా వెళ్ళింది.

"ఇప్పుడు అలాగే ఎనక్కి లాక్కురా."

రెండడుగులు రాకముందే ముందు చక్రం అడ్డం తిరిగింది. సైకిలు పండన్న కాలి మీద పడింది. లేపి మళ్ళీ లాగాడు. మళ్ళీ అడ్డం తిరిగింది. మూడోసారి కూడా అంతే.

తల ఎత్తి చూస్తే మేస్త్రి టీ గ్లాసు పట్టుకుని అటు తిరిగి కూర్చున్నాడు. ఆయన చెప్పాల్సింది చెప్పేసినట్టే.

పండన్న సైకిలు పక్కనే చతికిలబడి ముందు ఫోర్కుని చాలాసేపు చూశాడు. దాని పైభాగం తొక్కేవాడి వైపు కాస్త వాలి ఉంది. ఆ వాలు ఉన్నంతసేపే, ముందుకు పోయే చక్రం ఎవరూ పట్టుకోకపోయినా దారిలో ఉంటుంది.

లేచి జీపు కిందికి దూరాడు. పొడుగు చేసిన లింకులు కమానుని ముందువైపు కిందికి దించేశాయి. దాంతోపాటు ముందు ఇరుసు కూడా ముందుకి ఒరిగి, చక్రాలు పక్కలకి తిరిగే పిన్నులకి సైకిలు ఫోర్కులా ఉండాల్సిన వాలు పూర్తిగా పోయింది. టేపుతో నాలుగు మూలలా కొలిచినవాడికి ఇది ఎలా కనిపిస్తుంది?

ముందు స్టీరింగ్ బాక్సుని మునుపు ఎలా ఉందో అలా వదులు చేశాడు. సిగ్గుపడుతూనే చేశాడు. తర్వాత ఇరుసుకీ కమానుకీ మధ్య ఒక పక్క మందంగా, ఇంకో పక్క పలచగా ఉండే ఇనప ముక్కలు పెట్టి బోల్టులు బిగించాడు. ఇరుసు పాత వాలుకి వచ్చింది.

పొద్దు వాలకముందే బండి మళ్ళీ ఖాళీ జాగాలో తిరిగింది. ఈసారి పండన్న ఎవరూ చెప్పకుండానే చేతులు తీసేశాడు. స్టీరింగ్ గిర్రున తిరిగి, మధ్యకి వచ్చి నిలబడింది. పండన్న ఒక్కడే గట్టిగా నవ్వాడు. ఆ తర్వాత ఘాట్ పద్నాలుగు మలుపులూ ఎక్కి, దిగి వచ్చాడు.

శుక్రవారం పొద్దున్న దేవుడమ్మ ముందు సీట్లో కూర్చుంది. గాసన్న స్టార్ట్ చేశాడు. మేస్త్రి భుజం మీద తువ్వాలు సర్దుకుని, వెనక బియ్యం బస్తాల మధ్యకి ఎక్కాడు.

పండన్న కంగారుపడ్డాడు. "ఇంటిమనిషి ఎక్కింది కదా మేస్త్రీ. మీరెందుకు?"

మేస్త్రి బస్తాకి వీపు ఆనించాడు.

"నానేటి, బయటోడినా? పోనీ గాసన్నా."