మూడు రాజ్యాల కషాయం

విజయగిరి రాజు చిత్రసేనుడికి ఆ రోజు పొద్దున్నే కోపం వచ్చింది. సింహాసనం మీద నుంచి ఒక్క గర్జన గర్జించేసరికి, సభలో కునుకు తీస్తున్న పండితులంతా ఉలిక్కిపడి లేచి "భేష్ భేష్" అన్నారు.

"భేష్ కాదయ్యా! దుక్కులకి వేళవుతోంది. ఎడ్లన్నీ గాలికుంటుతో గిట్టలు పుళ్లుపడి కూలబడ్డాయి. పక్కన హేమవరంలోనూ అంతే, నీలకోటలోనూ అంతే. ఇక్కడ తగ్గితే అక్కణ్ణించి మళ్లీ వస్తోంది. రోగానికి సరిహద్దు రాళ్లు కనబడవు కదా! అందుకే మూడు రాజ్యాల పండితులూ కలిసి మందు తయారుచేయండన్నాను. ఏమైంది?"

ప్రధాన పండితుడు విశ్వంభరశాస్త్రి శాలువా సర్దుకుని లేచాడు.

"మహాప్రభో, సమావేశం దివ్యంగా జరుగుతోంది. మొదట ఎవరి పీఠం ఎంత ఎత్తుండాలో చర్చించాం. ఆపైన ఒకరినొకరు పొగుడుకున్నాం. నిన్న బొబ్బట్లు వడ్డించారు."

"మందో?"

"దాని గురించి మళ్లీ సమావేశం కావాలని ఏకగ్రీవంగా తీర్మానించాం ప్రభూ."

అసలు సంగతేమిటంటే, మందు మూడు ముక్కలై ఉంది. ఏ చెట్టు చెక్క కావాలో నీలకోట పండితుడు ముద్దరాజుకి తెలుసు. దాన్ని ఎలా కాచాలో హేమవరం గుండాభట్టుకి తెలుసు. అందులో ఏం కలిపి ఎక్కడ రాయాలో మన శాస్త్రికి తెలుసు. ముందు అవతలివాళ్లు చెబితే తరవాత తాను చెబుదామని ముగ్గురూ నోరు కుట్టేసుకుని కూర్చున్నారు. బయట మూగజీవాలు మూలుగుతుంటే లోపల బొబ్బట్లు నమిలే ఇలాంటి పెద్దమనుషుల్ని తలచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది.

ఓ మూల నుంచి కిసుక్కున నవ్వు వినిపించింది. నవ్వినవాడు పేరన. ఆస్థానంలో అతని పనేమిటో ఎవరికీ తెలీదు, జీతం మాత్రం తీసుకుంటాడు.

"ఏమిటా నవ్వు?" అన్నాడు రాజు.

"ఇంతేనా ప్రభూ! రేపు మధ్యాహ్నానికల్లా వీళ్ల చేతే మందు చెప్పిస్తాను."

శాస్త్రికి అరికాలి మంట నెత్తికెక్కింది. "చెప్పించలేకపోతే, ఎడ్లకి బదులు వీణ్ణే కాడికి కట్టండి ప్రభూ!"

రాజుకి ఆ ఆలోచన తెగ నచ్చింది. "అలాగే! వాగు పక్క పొలమంతా పేరనే దున్నాలి."

పేరనకి చెంబెడు నీళ్లు మోస్తేనే నడుం పట్టేస్తుంది.

మర్నాడు సభ ముందు పొయ్యి వెలిగింది. దాని మీద పెద్ద కాగు. పక్కనే ఉలి, సుత్తి పట్టుకుని రాయి చెక్కే శిల్పి. విజయగిరిలో సభ ముందు ఏ మందు తయారైనా, చెప్పినవారి పేరుతో సహా అప్పటికప్పుడే రాతి మీద చెక్కడం ఆచారం. చెక్కింది తుడిచే వీల్లేదు.

"పండితులారా, మీరు నోరు విప్పనక్కర్లేదు. మీ రహస్యాలన్నీ నేను పట్టేశాను. పేర్లు మాత్రం మీవే వేయిస్తాలెండి" అని పేరన ఓ తట్ట ఎత్తాడు. "ఇది ముద్దరాజుగారి చెక్క. శిల్పీ, చెక్కు! ముద్దరాజుగారి చింతచెక్క."

ముద్దరాజు ఎగిరి గంతేశాడు. "చింతచెక్కా! నా పేరు మీదా! తుమ్మచెక్కయ్యా, నల్లతుమ్మ!"

గుండాభట్టు పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆ నవ్వు సాగుతుండగానే పేరన తుమ్మచెక్క తెప్పించి నీళ్లలో పడేసి, ఒక్క పొంగు రాగానే కాగు దించబోయాడు. "ఇది గుండాభట్టుగారి పద్ధతి. చెక్కు శిల్పీ!"

నవ్వు సగంలో ఆగిపోయింది. "దించకు! సన్న సెగ మీద నాలుగో వంతు మిగిలేదాకా కాగాలి. ఒక్క పొంగుకి దించితే అది కషాయమా, కాళ్లు కడుక్కునే నీళ్లా?"

సరే, సన్న సెగ మీదే కాచారు. శాస్త్రికి మాత్రం ఎత్తు అర్థమైపోయింది. పెదాలు బిగించి, చేతులు కట్టుకుని, వాగు వైపు చూస్తూ ముసిముసిగా నవ్వుతున్నాడు.

పేరన కషాయంలో మజ్జిగ పోశాడు. శాస్త్రి పలకలేదు. దాన్ని కొమ్ములకి రాయాలన్నాడు. శాస్త్రి ముక్కుపుటాలు అదిరాయి, అయినా పలకలేదు. పేరన తనూ వాగు వైపు ఓసారి చూసి, శిల్పి వైపు తిరిగాడు.

"శిల్పీ, చెక్కు. విశ్వంభరశాస్త్రిగారు గిట్టల పుళ్లకి కొమ్ములకి మజ్జిగ రాయమన్నారు."

టక్ టక్ మని పేరు పడింది. గుండాభట్టు కళ్లు తుడుచుకుంటూ, "శాస్త్రిగారూ, మీ రాజ్యంలో ఎద్దుకి తలనొప్పి వస్తే తోకకి పట్టు వేస్తారా?" అన్నాడు.

ఉలి కొమ్ముల దగ్గరకి వచ్చింది. శాస్త్రి ఒక్క ఉదుటున లేచి ఉలి పట్టుకున్నాడు.

"ఆపరా! కొమ్ములకి కాదు, గిట్టల సందున! మజ్జిగ కాదు, వేపనూనె, పసుపు! గోరువెచ్చగా రాయాలి! నా పరువు తీస్తావా!"

అని, చటుక్కున నోటి మీద చేయి వేసుకున్నాడు.

అప్పటికే ఆలస్యమైంది. రాజు నవ్విన నవ్వుకి కిరీటం చెవి మీదకి జారింది.

"నీకు ఇంత వైద్యం ఎలా తెలుసయ్యా పేరనా?"

"నాకు వేపాకుకీ కరివేపాకుకీ తేడా తెలీదు ప్రభూ. అందుకే ఇంత ధైర్యంగా తప్పులు చెప్పగలిగాను. వీరిని అడిగితే చెప్పరు, తప్పు చెబితే ఊరుకోరు!"

సభంతా గొల్లుమంది. మజ్జిగ పడిన కషాయం పారబోసి, మళ్లీ కాచిన కాగులో పేరన గరిటె తలకిందులుగా పెట్టి కలపబోయాడు. "అలా కాదు!" అని ముగ్గురు పండితులూ ఒక్కసారే వచ్చి అతన్ని పక్కకి తోసేశారు.

రాజు తన మెడలోని ముత్యాలహారం తీసి పేరన మెడలో వేశాడు. పండితులు అది చూడనే లేదు. పసుపు ముందా, నూనె ముందా అని ఒకే గరిటె పట్టుకుని ముగ్గురూ పోట్లాడుకుంటూ కలిపేస్తున్నారు.