విప్పొద్దు, కట్టుకో

తస్లీమాకు ఇరవై మూడేళ్ళు. ఫోన్లు రిపేరు చేసే ట్వీజర్‌ను జడలో గుచ్చుకుని తిరగడం ఆమెకు అలవాటు.

ఆదోని పాత బస్టాండు వెనక ఆమె పనిచేసే మొబైల్ షాపుకు కొత్తగా వచ్చే మగవాళ్ళు దాన్ని హెయిర్‌పిన్ను అనుకుంటారు. కౌంటరు మీదికి వంగి, ఆమె తల మీదుగా లోపలికి చూసి అడుగుతారు.

"మెకానిక్ లేడా?"

"లేడు," అంటుంది తస్లీమా. "ఉంది."

అర్థం కావడానికి కొందరికి పది సెకన్లు పడుతుంది. కొందరికి పది సెకన్లు చాలవు. "అయితే పిలువమ్మా" అంటారు.

ఈ జవాబు ఆమెకు గురువు దగ్గర్నుంచి వచ్చింది. గురువు పేరు ఖాసింబీ, యాభై ఎనిమిదేళ్ళ మనిషి. నాన్న నడిపిన రేడియో షాపును అన్నలిద్దరూ మాకొద్దంటే పందొమ్మిదో ఏట తను తీసుకుంది. రేడియోలు పోయి టేప్‌రికార్డర్లు వచ్చాయి, అవీ పోయి ఫోన్లు వచ్చాయి. షాపులో సామాను మారిందిగానీ స్టూలు మీద మనిషి మారలేదు. పని బాగా తెలిసినవాణ్ణి ఆ ఊళ్ళో ఉస్తాద్ అంటారు. ఆ మాటకు ఆడరూపం లేదు. పాతికేళ్ళు నానబెట్టి, చివరికి ఊరే ఒకటి తయారుచేసింది. ఉస్తాదమ్మ అంది.

ఉస్తాదమ్మ పాఠాలు చెప్పదు. పక్కన కూచోబెట్టుకుంటుంది, అంతే.

ఆ జూన్‌లో ఆమె కంటికి ఆపరేషన్ జరిగింది. ఇరవై రోజులు షాపు మొత్తం తస్లీమా చేతిలో ఉంది.

తస్లీమాకు తన పని మీద గర్వం ఉండేది. ఉండదా మరి? హైదరాబాదులో నాలుగు నెలల కోర్సులో ముప్పై మంది మగపిల్లల మధ్య ఒక్కతే కూచుని నేర్చుకుంది. ఆ సర్టిఫికెట్ గోడ మీద ఉంది. మైక్రోస్కోపు కింద ఆవగింజలో సగం ఉండే ముక్కను తీసి మళ్ళీ కూచోబెట్టగలదు. ఆ ఇరవై రోజుల్లో పక్క వీధి షాపులు చేతులెత్తేసిన ఫోన్లు కూడా ఆమె దగ్గర లేచి కూచున్నాయి.

ఉరుకుందమ్మ ఫోను ఒక్కటే మాట వినలేదు.

ఉరుకుందమ్మది హొన్నాపురం. పదమూడేళ్ళుగా ఆ ఊరికి ఆశా కార్యకర్త. గర్భిణులను ఆస్పత్రికి తీసుకుపోవడం, పిల్లలకు టీకాలు వేయించడం, ఎవరికి నొప్పులొచ్చినా ముందు ఫోను ఎత్తడం ఆమె పని. ఆ ఫోనుకే నెట్‌వర్క్ ఉండడంలేదు. వస్తుంది, పోతుంది.

మొదటిసారి వచ్చినప్పుడు ఆమె చెప్పడం మొదలుపెట్టింది. "ఏమంటే పాపా, ఇది పెట్టుకుంటే..."

తస్లీమా అప్పటికే చెయ్యి చాపింది. గుడ్డసంచీలోంచి ఫోను తీసుకుని, సంచీ తిరిగి ఇచ్చేసింది. చీటీ మీద 'ఇంటర్మిటెంట్ నో సర్వీస్' అని రాసింది. సిమ్ తీసి తుడిచింది, వేరే ఫోనులో వేసి చూసింది, నెట్‌వర్క్ సెట్టింగులు మొదటికి తెచ్చి మళ్ళీ పెట్టింది. బల్ల మీద సిగ్నల్ నాలుగు గీతలూ నిండుగా వచ్చాయి.

"అయిపోయింది అక్కా."

వారానికి మళ్ళీ వచ్చింది. ఈసారి తస్లీమా ఫోను విప్పి యాంటెన్నా వైరు మార్చింది. బల్ల మీద మళ్ళీ నాలుగు గీతలు.

మూడోసారి వచ్చేటప్పటికి ఉరుకుందమ్మ చేతిలో ఫోను సంచీతోపాటు ఒక కాగితం ఉంది.

ఆ రోజే ఉస్తాదమ్మ షాపుకు తిరిగొచ్చింది. నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని మూల కుర్చీలో కూచుంది. ఇంకో నెల దాకా మైక్రోస్కోపు ముట్టుకోవద్దని కంటి డాక్టరు చెప్పాడు.

"మెమో ఇచ్చినారు పాపా," అంది ఉరుకుందమ్మ. "మా ఊరి సరోజకు నొప్పులొచ్చి నాకు ఏడుసార్లు ఫోను చేసినారంట. ఒక్కటీ నాకు రాలేదు. ఆటోలోనే కనింది. బిడ్డ బాగుంది, దేవుడి దయ. రేపు పదింటికి సర్కారు ఆస్పత్రి డాక్టరు ముందర జవాబు చెప్పల్ల. చెప్పకపోతే నా పేరు తీసేస్తారు."

"ఫోను చెడిపోయిందని చెప్పలేదా?"

"చెప్తిని. మా సూపర్‌వైజరు సారు తీసుకుని చూసినాడు. ఆయన చేతిలో బాగా పలికింది. నవ్వినాడు. బాగుచేసియ్యి పాపా. లేకపోతే చెడిపోయిందని షాపు కాగితమన్నా రాసియ్యి."

తస్లీమా ఫోను తీసి బల్ల మీద పెట్టింది. నాలుగు గీతలు. తన ఫోను నుంచి కాల్ చేసింది. మోగింది. ఇంకోసారి చేసింది. మోగింది. సర్టిఫికెట్ ఉన్న గోడ వెనక నుంచి ముప్పై మంది మగపిల్లలూ నవ్వుతున్నట్టు అనిపించింది ఆమెకు.

"బల్ల మీద పనిచేస్తాది, మీ దగ్గర చెయ్యదు," అంది విసుగ్గా. "ఫోను వాడేది రాకపోతే నేనేం చేసేది అక్కా?"

ఉరుకుందమ్మ కోప్పడలేదు.

"సూపర్‌వైజరు సారు కూడా ఇదే మాట అన్నాడు పాపా. ఆడోళ్ళకి ఫోన్లిచ్చేదే తప్పు అన్నాడు."

తస్లీమా మొహం వేడెక్కింది. ఆ మాట దగ్గర నిలబడలేక చేతులకు పని వెతుక్కుంది. చిప్పులు ఊడదీసే హీట్‌గన్ స్విచ్ వేసింది.

"సరే. నెట్‌వర్క్ ఐసీ చిప్పే పోయినట్టుంది. దాన్ని లేపి మళ్ళీ కూచోబెడతా. ఒక్కోసారి ఫోను పూర్తిగా చచ్చిపోతాది. అయినా వేరే దారి లేదు."

"దాంట్లో పదకొండు మంది గర్భిణుల నంబర్లుండాయి," అంది ఉరుకుందమ్మ. "రాసి పెట్టుకోలేదు."

మూల నుంచి ఉస్తాదమ్మ గొంతు వినిపించింది.

"బేటీ, ఆమె ఏం చెప్పింది?"

"ఇంటర్మిటెంట్ నో సర్వీస్, ఉస్తాద్."

"అది నువ్వు చెప్పింది. ఆమె ఏం చెప్పింది?"

తస్లీమా పాత చీటీ తీసి చూసింది. అందులో తను రాసిందే ఉంది. హీట్‌గన్ ఒక్కటే బుస కొడుతోంది.

ఉస్తాదమ్మ లేచి వచ్చింది. స్విచ్ ఆపింది. నల్ల అద్దాలు ఉరుకుందమ్మ వైపు తిప్పి, "నువ్వు చెప్పమ్మే" అంది.

"పెట్టుకుంటే పోతాది, తీస్తే వస్తాదమ్మా."

"ఎక్కడ పెట్టుకుంటే?"

"ఇదో, ఈడ." ఉరుకుందమ్మ నడుము తట్టి చూపించింది. కుచ్చిళ్ళ పక్కన, చీరె కింద ఆ గుడ్డసంచీని నాడాతో కట్టుకుంటుంది. తెచ్చిన ప్రతిసారీ అక్కడి నుంచే తీసి ఇచ్చింది.

ఉస్తాదమ్మ ఫోను అందుకుంది. సంచీ అడిగి తీసుకుంది. ఫోను అందులో పెట్టి, మూత మడిచి, రెండూ కలిపి తస్లీమా ముందుకు జరిపింది.

తస్లీమా జడలోంచి ట్వీజర్ తీసింది.

"విప్పొద్దు," అంది ఉస్తాదమ్మ. "కట్టుకో."

"నేనా?"

"ఆమె ఎట్ల కట్టుకుంటాదో అట్ల. కట్టుకుని వీధి చివరికి పోయి మూడు టీలు తెచ్చిపెట్టు."

తస్లీమాకు రోషమొచ్చింది. నాలుగు నెలల కోర్సు, ఇరవై రోజుల షాపు, ఇప్పుడు టీలు. కానీ ఉస్తాద్‌కు ఎదురు చెప్పడం ఆ షాపులో లేదు. నాడా నడుముకు బిగించి, కమీజు మీదికి లాక్కుని వెళ్ళింది.

టీకొట్టు దగ్గర రద్దీగా ఉంది. పావుగంట పట్టింది. గ్లాసులు తెచ్చి బల్ల మీద పెట్టింది.

"ఫోను ఎందుకెత్తలేదు?" అంది ఉస్తాదమ్మ.

"మీరు చెయ్యలేదు కదా ఉస్తాద్."

ఉస్తాదమ్మ తన ఫోను స్పీకరులో పెట్టి మళ్ళీ నొక్కింది. మీరు కాల్ చేస్తున్న వ్యక్తి ప్రస్తుతం అందుబాటులో లేరు అని ఒక ఆడగొంతు ఎంతో మర్యాదగా చెప్పింది. ఆ వ్యక్తి నడుము ఎదురుగా మూడు అడుగుల దూరంలో ఉంది.

తస్లీమా సంచీ తీసింది. మూత విప్పి ఫోను బయటికి లాగింది. గీత లేదు. క్షణం ఆగి ఒక గీత. తర్వాత రెండు. ఆ తర్వాత ఫోను చేతిలోనే మూడుసార్లు కీచుమంది. ఉస్తాదమ్మ చేసిన మూడు కాల్స్ అప్పుడొచ్చి చెప్పుకున్నాయి.

తస్లీమా సంచీని లోపలికి తిప్పింది.

పైన పాత చీరె గుడ్డ. లోపల వెండిరంగు మెరిసింది. పాలపొడి ప్యాకెట్లను కత్తిరించి, కడిగి, ఆరబెట్టి, మూడు పొరలుగా కుట్టిన అస్తరు. మూతకు కూడా అదే. ఎక్కడా సూది జారలేదు.

"వానకనుకున్న్యా," అంది ఉరుకుందమ్మ. ఆమెకు కూడా అర్థమైంది. "పోయినేడు ఫోను వానలో తడిసి చచ్చిపోతే, జాగ్రత్త లేదని మీటింగులో నిలబెట్టినారు. అందుకే కుట్టుకున్న్యా. నా చేతులతో నేనే..."

ఉస్తాదమ్మ సంచీ తీసుకుంది. కళ్ళు సరిగా ఆనడంలేదు కాబట్టి వేళ్ళతో చూసింది. అంచులు, మూలలు, మూత మడత, ఒక్కొక్కటే తడిమింది.

"ఎవరు నేర్పినారు?"

"ఎవరు నేర్పుతారమ్మా. వాన నేర్పింది."

"నీళ్ళు పోయినాయా లోపలికి?"

"చుక్క పోలేదు."

"మంచి పని," అంది ఉస్తాదమ్మ. "నీళ్ళను ఆపమన్నావు. అది అన్నిటినీ ఆపింది."

ఉరుకుందమ్మ తలెత్తింది. ఆ సంచీని ఇంతవరకూ ఎవరూ పని అనలేదు.

తస్లీమా షాపు కాగితం తీసి పెన్ను పట్టుకుంది. తన తప్పు దిద్దుకునే దారి ఆమెకు కనిపించింది. గొంతు తగ్గించి చెప్పింది.

"అక్కా, నెట్‌వర్క్ ఐసీ పోయింది, మార్చినాం అని రాసిస్తా. షాపు ముద్ర వేసిస్తా. డాక్టరుకు ఏం తెలుస్తాది? సంచీ మాట మాత్రం ఎత్తొద్దు. ఎత్తితే నవ్వుతారు."

ఉరుకుందమ్మ ఉస్తాదమ్మ వైపు చూసింది. తస్లీమా కూడా చూసింది.

ఉస్తాదమ్మ టీ తాగుతోంది. తాగినంతసేపూ తాగి, గ్లాసు కింద పెట్టింది.

"ఇరవై రోజులు షాపు నీది," అంది. "నీ షాపులో ఏం జరిగిందో రాయి."

తస్లీమా పెన్ను మూత పెట్టింది, మళ్ళీ తీసింది. బయట ఎవరో "మెకానిక్..." అంటూ కౌంటరు మీదికి వంగారు. ముగ్గురిలో ఎవరూ అటు తిరగలేదు. ఆయన వెళ్ళిపోయాడు.

తర్వాత రాసింది. నాలుగే వాక్యాలు.

"చదువు," అంది ఉస్తాదమ్మ. "నాకు అక్షరాలు కనపడవు."

తస్లీమా చదివింది. "ఈ ఫోనులో లోపం లేదు. వానకు తడవకుండా కుట్టుకున్న సంచీ అస్తరు సిగ్నల్‌ను ఆపింది. పెట్టుకుంటే పోతుంది, తీస్తే వస్తుందని ఈమె మొదటి రోజే చెప్పింది. షాపువాళ్ళు వినలేదు."

"షాపుకు చెవులుంటాయా?" అంది ఉస్తాదమ్మ.

తస్లీమా కాగితం వైపు చూసింది. 'షాపువాళ్ళు' కొట్టేసింది. 'షేక్ తస్లీమా' అని రాసింది. 'వినలేదు' అన్న చోట కూడా ఒక అక్షరం దిద్దాలేమోనని చూసింది. అవసరం లేదు. అది అట్లాగే సరిపోయింది.

"అయ్యో, నీ పేరు పోతాది పాపా," అంది ఉరుకుందమ్మ.

తస్లీమా కింద సంతకం పెట్టింది. ముద్ర వేసింది. కాగితం ఇవ్వబోతుంటే ఉరుకుందమ్మ దాన్ని అందుకోకుండా, చీరె చెంగు నడుములో దోపుకుని నిటారుగా నిలబడింది.

"అయితే నాది కూడా ఒక మాట రాయి. కిందనే, నా పేరు పెట్టి రాయి. ఏమని రాయల్లంటే..."

ఆమె ఆలోచించుకుంటోంది. మాట మధ్యలో ఆగింది. తస్లీమా పెన్ను కాగితానికి ఆనించి, కదలకుండా కూచుంది. ఆమె ఏం చెప్పబోతోందో దాదాపుగా తెలుసు. చక్కని మాటల్లో తనే పూర్తిచెయ్యగలదు. చెయ్యలేదు.

"ఫోనిచ్చినారు," అంది ఉరుకుందమ్మ చివరికి. "వానకు ఏమిచ్చినారు?"

తస్లీమా ఒక్క అక్షరం మార్చకుండా రాసింది.

ఉస్తాదమ్మ నల్ల అద్దాలు తీసి, కొంగుతో తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుంది.

మర్నాడు పదింటికి తస్లీమా షాపులో లేదు. సర్కారు ఆస్పత్రిలో, డాక్టరు ముందు, సూపర్‌వైజరు పక్కనే నిలబడి, ఆ కాగితాన్ని మొదటి మాట నుంచి చివరి మాట దాకా గట్టిగా చదివింది. ఉరుకుందమ్మ ఉద్యోగం పోలేదు.