కొండ మీది శీలలు

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో బండ్లు తిరిగేవి. నవ్వకండర్రా, నిజంగానే తిరిగేవి! అడవిదున్నలు లాగేవి, మిగతా జంతువులు దర్జాగా ఎక్కి కూర్చునేవి.

బండి అన్నాక ఏదో ఒకటి విరుగుతుంది. అప్పుడు కావలసిన సామానంతా సూదయ్య అనే ముళ్లపంది దగ్గర ఉండేది. కొండ కొమ్మున అతని గుహ. గుహ నిండా ఇరుసులు, చక్రాలకు వేసే కొయ్య ఆకులు, చక్రం జారిపోకుండా ఇరుసు చివర గుచ్చే శీలలు. ఏది అడిగినా కళ్లు మూసుకుని తీసి ఇచ్చేవాడు.

పనిమంతుడే గాని, పాపం, ఒంటరివాడు. ఒంటినిండా ముళ్లాయె, పక్కన ఎవరు కూర్చుంటారు? సామాను కోసం వచ్చినవాళ్లే అతనికి చుట్టాలు.

ఒకరోజు కాకి వచ్చింది.

"మామా, అడవంతా చూసొచ్చాను. ఏటి రేవు రాళ్లలో శీలలు ఊడిపోతున్నాయి. ఇప్పతోపు గుంతల్లో చక్రాల ఆకులు విరుగుతున్నాయి. ఉప్పుగుట్ట ఎక్కేటప్పుడు ఇరుసులు విరుగుతున్నాయి. ఎక్కడ విరిగేవి అక్కడే కొన్ని దాచిపెట్టరాదూ?" అంది.

"చూద్దాంలే" అన్నాడు సూదయ్య.

కాకి మరో రెండుసార్లు చెప్పింది. రెండుసార్లూ అదే జవాబు. అతని మనసులో మాట వేరు. 'రేవులోనే శీల దొరికితే ఈ కొండ ఎవరెక్కుతారు? నాతో మాట్లాడేదెవరు?'

వానలు మొదలయ్యే ముందు కాకి ఒక కబురు తెచ్చింది.

"మామా, ఏటి అవతలి చెవులమ్మవ్వ రేపు నీ దగ్గరికి వస్తోంది!"

చెవులమ్మ ముసలి కుందేలు. తల్లిలేని సూదయ్యను చిన్నప్పుడు పెంచింది ఆమే. ముళ్లు గుచ్చుకున్నా పక్కలోనే పడుకోబెట్టుకునేది. ఇప్పుడు కాలు కుంటి, ఎక్కువ దూరం నడవలేదు.

"ఏం సామాను కావాలట?" అన్నాడు సూదయ్య.

"సామాను కాదు మామా, నిన్ను చూడాలట."

సూదయ్యకు కాళ్లు నేల మీద నిలవలేదు. గుహ ఊడ్చాడు. తియ్యటి దుంపలు తవ్వి తెచ్చాడు. మర్నాడు పొద్దున్నుంచీ దారి చూస్తూ కూర్చున్నాడు.

మధ్యాహ్నం దాటాక అవ్వ బండి లాగే దున్న ఒక్కటే రొప్పుతూ వచ్చింది.

"శీల ఇవ్వు సూదయ్యా! రేవులో శీల ఊడి బండి ఒరిగిపోయింది. అవ్వ నా వీపు మీద నిలవలేనంది. అవతలి ఒడ్డునే కూర్చోబెట్టి వచ్చాను."

అంతలోనే వాన పట్టింది. సూదయ్య శీల నోట కరుచుకుని పడుతూ లేస్తూ పరుగెత్తాడు. కిందికి చేరేసరికి ఏరు పొంగింది. బండి కొట్టుకుపోయింది. అవతలి ఒడ్డున తడుస్తూ చెవులమ్మ కూర్చుని ఉంది.

"అవ్వా!" అని అరిచాడు సూదయ్య. నీటి హోరులో ఆమెకు వినపడలేదు. ఆమె ఏదో అంది. అదీ ఇతనికి వినపడలేదు. చాలాసేపు అలా చూసుకున్నారు. తర్వాత ఆమె కుంటుకుంటూ వెనక్కి వెళ్లిపోయింది.

ఆ ఏడు ఏరు మూడు నెలలు తగ్గలేదు. తగ్గేనాటికి చెవులమ్మ లేదు. ఆ కబురు విని సూదయ్య గుహలో ఒక్కడే కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాడు. ఓదార్చడానికి ఎవరూ రాలేదు.

మర్నాడు దున్నను పిలిచి సామానంతా బండికెత్తించాడు. శీలలు రేవుకు, ఆకులు ఇప్పతోపుకు, ఇరుసులు ఉప్పుగుట్టకు చేర్చాడు.

"ఇక కొండెవరూ ఎక్కరేమో మామా" అంది కాకి, జాలిగా.

"ఎక్కకపోనీవే" అన్నాడు సూదయ్య. "ప్రతి బండి కోసం ఎక్కడో ఎవరో గుహ ఊడ్చుకుని కూర్చుంటారు. ఆ బండి దారిలో ఆగకూడదు."

నీతి: పదిమందికి పనికొచ్చేది వాళ్ల దారిలో ఉంచాలి. మన గుమ్మంలో కట్టేసుకుంటే అవసరం కొద్దీ నలుగురు వస్తారు గాని ఆప్యాయత రాదు.