కుర్చీ వెనక నిలబడ్డవాడు

ముఖలింగం మాస్టారు ఏ పాటనైనా మొదటిసారి సౌండు తీసేసి చూసేవారు. రెండోసారీ అంతే. మూడోసారి చూడాలనిపిస్తే అప్పుడు వినేవారు. చాలాకాలం సినిమాలకు కెమెరా పట్టి, ఇక చాలనుకుని విశాఖపట్నం వచ్చేసి, మేడమీద గదిలో మాలాంటి నలుగురైదుగురికి బొమ్మను ఎలా చూడాలో నేర్పేవారు. నేర్పేవారు అన్నాను గానీ, ఆయన నోరు తెరిచి పాఠం చెప్పడం మేమెవరం ఎరగం. ఏదైనా అడిగితే "టీ తాగావా?" అనేవారు. తాగానంటే ఇంకోటి తాగమనేవారు.

మాలో నరహరి బహు గంభీరుడు. ఇస్త్రీ చొక్కా నలగకుండా కూర్చోవడం ఎలాగో అతన్ని చూసే నేర్చుకోవాలి. గదిలో ఎవరు నవ్వినా తనను చూసేనేమోనని గుండీలు తడుముకునేవాడు. అలాంటివాడి చేతికే, ఖర్మ కాకపోతే మరేమిటి, ఒక నవ్వుల పాట వచ్చి పడింది. ఆల్ఫ్రెడ్ అనే కుర్రాడు ఇద్దరు స్నేహితులతో కలిసి గిటార్లూ డ్రమ్సూ వాయిస్తూ పాడిన రాక్ పాట అది. పెళ్లి భోజనాల దగ్గర, తింటున్నవాడి కుర్చీ వెనక నిలబడి వాడెప్పుడు లేస్తాడా అని కాచుకునే మనిషి గోడు. "పెరుగు పోసి ఎంతసేపు, వేళ్లు నాకి ఎంతసేపు, లేస్తావా బాబాయ్!" అని ఆల్ఫ్రెడ్ ప్రాణం పోతున్నట్టు అరుస్తుంటే మేం పడీ పడీ నవ్వాం. నరహరి మాత్రం తల పంకించి, దీనికి వీడియో నేను తీస్తాను అన్నాడు.

తీసే ముందు పరాయిదేశపు హాస్య రాక్ వీడియో ఒకటి ఎదురుగా పెట్టుకుని ముక్క ముక్కా పరిశీలించాడు. మొహం ఉబ్బినట్టు కనిపించే వెడల్పు లెన్సు, పచ్చగోడ ముందు ఎర్రకోటు, డ్రమ్ము దెబ్బకో కట్, నేలబారున పెట్టిన కెమెరా, ఏదీ వదల్లేదు. అన్నీ తన దాంట్లోనూ పెట్టాడు. హాలుకు పచ్చగుడ్డలు కట్టించాడు. నటుల్ని కుర్చీల వెనక నిలబెట్టి కళ్లు ఉరిమించాడు, పెదాలు తడిపించాడు. పాటను విడుదల చేస్తామన్న మ్యూజిక్ చానల్ పెద్దమనిషి వీడియోను చివరిదాకా చూసి, "బాగా కష్టపడ్డారండీ" అన్నాడు. నవ్వుల పాటకు ఇంతకు మించిన శాపం ఉంటుందా? సోమవారానికల్లా ఇంకోటి తెస్తే చూస్తాననీ, లేదంటే పాటను మరొకరి చేతికి ఇస్తాననీ కూడా చెప్పాడు. ఇది పోతే నరహరి వెళ్లి బావగారి టైల్స్ షాపులో కూర్చోవాలి. అక్కడ అతని కోసం కుర్చీ కూడా కొనిపెట్టారు.

ఆ సాయంత్రం అతను మాస్టారి ముందు నిలబడ్డాడు. "మాస్టారూ, ఈసారి టీ వద్దండీ. ఒక్కటి చెప్పండి. వాళ్లది చూస్తే నవ్వొస్తోంది, నాది చూస్తే రావడం లేదు. ఆ నవ్వు ఎక్కడుందండీ? లెన్సులోనా, రంగులోనా, కటింగులోనా?" అన్నాడు. మాకందరికీ జాలేసింది.

మాస్టారు కళ్లజోడు తుడుచుకుని, "ఆదివారం మా చెల్లెలి మనవరాలి పెళ్లి. కెమెరా పట్టుకుని రా. పొద్దున టిఫిన్ చెయ్యకు, భోజనాలు బాగుంటాయి" అన్నారు. అడిగిందేమిటి, చెప్పిందేమిటి అని మేం మొహమొహాలు చూసుకున్నాం. నరహరి మాత్రం కొత్త బట్టలు ఇస్త్రీ చేయించుకుని వెళ్లాడు.

ముహూర్తం ఆలస్యమైంది. భోజనాలు మరీ ఆలస్యమయ్యాయి. మాస్టారు పెళ్లివారిని అడిగి ఒప్పించి, భోజనాల హాల్లో ఒక మూల చూపించి, "ఇక్కడ పెట్టు. బంతి మొత్తం కనబడాలి. నొక్కి వదిలెయ్" అన్నారు. ట్యూబులైట్ల కింద మొహాలు పాలిపోతాయండీ అని నరహరి అన్నాడు. పోనీ అన్నారు ఆయన. లెన్సు మార్చనా అంటే వద్దన్నారు. "ఇక దాని జోలికి పోకు. వెళ్లి భోంచెయ్" అని తను అటు తిరిగి ఎవరితోనో మాటల్లో పడ్డారు.

సాయంత్రం ఆ బొమ్మ చూడటానికి అందరం మేడమీద చేరాం. ఆల్ఫ్రెడ్ కూడా స్నేహితులతో వచ్చాడు. భోజనం ఎలా ఉందని అడిగితే నరహరి "బాగానే ఉంది" అని ముక్తసరిగా అన్నాడు. అలవాటు ప్రకారం సౌండు తీసేసి వేశారు. పొడుగాటి బల్లలు, ఆకులు, వంగి తింటున్న జనం. వాళ్లలో ఒక లావుపాటి పెద్దమనిషి వెనక మన నరహరి! చేతులు వెనక కట్టుకుని, ఫ్యాను రెక్కల్ని పరీక్షిస్తున్నట్టు పైకి చూస్తూ నిలబడ్డాడు. తనకు భోజనంతో ఏ సంబంధమూ లేనట్టు నిలబడ్డాడు. పెద్దమనిషి చెయ్యి చాపి రెండోసారి పెరుగు పోయించుకున్నాడు. నరహరి నెమ్మదిగా కళ్లు మూసుకున్నాడు.

అక్కడ మొదటి నవ్వు ఎవరిదో నాకు గుర్తులేదు, నాదే కావచ్చు. పెద్దమనిషి లేచాడు. నరహరి చొక్కా సర్దుకునేలోగా జరీలంగా కట్టుకున్న పిల్ల ఒకతి కింద నుంచి దూరి కుర్చీ ఎక్కి కూర్చుంది. అతను ఆ పిల్లకు నమస్కారం పెట్టినంత పని చేసి, పక్క కుర్చీ వెనక్కి జరిగి మళ్లీ ఫ్యాను చూడసాగాడు. ఆ కుర్చీ ఖాళీ అయ్యేసరికి దాని మీద ఎవరిదో చేతిరుమాలు పడింది. ఆల్ఫ్రెడ్ ఇక ఆగలేక ఫోనులో పాట పెట్టాడు. డ్రమ్సు హోరెత్తుతోంది, గిటారు గింగుర్లెత్తుతోంది, "లేస్తావా బాబాయ్!" అని కేకలు. తెరమీద నరహరి మాత్రం కదలడు, మెదలడు, ఆకలితో ఒక్కసారి గుటక మింగుతాడు. డ్రమ్సు కుర్రాడు నేలమీద పడి దొర్లాడు.

"ఆపండి!" అని అరిచాడు నరహరి. మొహం కందగడ్డ అయిపోయింది. "ఇది తీసేద్దాం మాస్టారూ. మళ్లీ షూట్ చేస్తాను, రాత్రంతా కూర్చుని చేస్తాను. ఊరంతా చూస్తుంది. మా బావ చూస్తాడు. నవ్వులపాలు కావడానికా నేనింత నేర్చుకుంది?" అతని కళ్లలో నిజంగానే నీళ్లు తిరిగాయి. మాకు నవ్వు ఆగిపోయింది. ఆల్ఫ్రెడ్ పాట ఆపేశాడు.

మాస్టారు మౌసు అతని ముందుకు జరిపారు. "నువ్వు తీసిన బొమ్మ, నీ ఇష్టం, తీసెయ్. చివరిదాకా చూసి తియ్యి."

నరహరి పళ్లు బిగించి చూశాడు. తెరమీద అతనికి ఎట్టకేలకు కుర్చీ దొరికింది. కూర్చున్నాడు. ఆకు తుడిచాడు. పప్పు, గుత్తొంకాయ, పులిహోర, అన్నీ వచ్చాయి. తల ఎత్తకుండా తింటున్నాడు. అప్పుడు అతని వెనక ఒక చెయ్యి వచ్చి కుర్చీ వీపు మీద ఆనింది. పట్టుపంచె, మెడలో కండువా, కళ్లజోడు. ముఖలింగం మాస్టారే! ఆయన కాసేపు ఫ్యాను కేసి చూశారు. తరవాత మెల్లగా మెడ సాచి, నరహరి భుజం మీదుగా అతని ఆకులోకి తొంగి చూశారు. వడ్డించేవాడు పెరుగు బకెట్టుతో వచ్చాడు. నరహరి పోయించుకున్నాడు. కలుపుకుని తిన్నాడు. మళ్లీ చెయ్యి చాపి, ఇంకోసారి పోయించుకున్నాడు. మాస్టారు నెమ్మదిగా కళ్లు మూసుకున్నారు.

నరహరి తెరకేసి నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయాడు. ఆ తరవాత అతని లోపలినుంచి ఎక్కడో ఒక నవ్వు బయల్దేరింది. అతను అలా నవ్వగా మేం ఎన్నడూ చూడలేదు. పొట్ట పట్టుకుని, ఇస్త్రీ చొక్కా నలిగి నాశనమైపోయేలా నవ్వాడు. లెన్సు మామూలుది, రంగు పాలిపోయింది, కట్ అనేది ఒక్కటీ లేదు. అతను మౌసు పక్కకు నెట్టేసి, ఆల్ఫ్రెడ్‌ను పాట మళ్లీ పెట్టమన్నాడు.

సోమవారం ఆ బొమ్మ, పాట కలిపి నిడివి తగ్గించడం తప్ప ఇంకేమీ చెయ్యకుండా, చానల్ పెద్దమనిషి దగ్గరికి వెళ్లింది. ఈసారి ఆయన నరహరి కష్టం సంగతి ఎత్తలేదు. నవ్వీ నవ్వీ దగ్గు వచ్చి మంచినీళ్లు అడిగాడు. టైల్స్ షాపులో ఆ కుర్చీలో ఇప్పుడు బావగారే కూర్చుంటున్నారు.

ఆ ఆదివారమే, బొమ్మ చూసి అందరం మెట్లు దిగుతుండగా, నరహరి వెనక్కి వెళ్లి గుమ్మంలో నిలబడ్డాడు. "మాస్టారూ, నాకు పాఠం చెప్పడానికే కదండీ మీరు అలా వచ్చి నిలబడ్డారు?" అన్నాడు.

"లేదు నాయనా" అన్నారు మాస్టారు. "నాకూ ఆకలేసింది."