మొత్తం మీద సరిపోయింది

అడిగినదానికి సూటిగా జవాబు చెప్పే అలవాటు వేదాద్రి మాస్టారికి లేదు. వరదల లెక్కలు నేర్పే ఆ పెద్దమనిషి, ప్రశ్నంతా విని, సంబంధం లేని పనేదో పురమాయించేవారు. శిష్యులకు ఒళ్ళు మండేది అక్కడే.

ఆ ఏడు కొండ మీద గంటసేపు కుండపోతగా కురిసిన వానకు వాగు పొంగి, చప్టా కొట్టుకుపోయింది. అవతలి గూడెం పిల్లలు బడికి రావాలంటే అదే దారి. కొత్త చప్టాకు తూములు ఎంత పెద్దవి పెట్టాలో తేల్చే పని కొత్త శిష్యుడు ఉపేంద్ర నెత్తిన పడింది. మాస్టారు తన షష్టిపూర్తి హడావిడిలో ఉన్నా అతను వదల్లేదు.

"ఆ రోజు పడ్డ వాన మొత్తం లెక్క కట్టాను మాస్టారూ. పాత తూములు రోజంతా కలిపి అంతకు రెట్టింపు నీళ్ళు పంపగలవు. మళ్ళీ అవే పెడితే చాలదా?"

మాస్టారు విసుగ్గా చూశారు. "ముందు నా షష్టిపూర్తి భోజనాల సంగతి చూడు నాయనా. వంటా, చోటూ, అంతా నీదే పూచీ."

ఇదెక్కడి వెట్టిచాకిరీ అని గొణుక్కుంటూనే ఉపేంద్ర లెక్క వేశాడు. పదకొండింటి నుంచి మూడింటి దాకా బంతి తర్వాత బంతి లేస్తుంటే చిన్న భోజనశాల చాలు, పెద్దది దండగ అని తేల్చేశాడు.

కానీ అక్షింతలు వేయకుండా ఎవరు కదులుతారు? అవి పడ్డాయో లేదో, జనం జనమంతా ఒక్కసారి లేచి భోజనశాల గుమ్మం మీద పడ్డారు. తినేవాళ్ళ కుర్చీల వెనకే తినబోయేవాళ్ళు కాపలా నిలబడ్డారు. సాంబారు బకెట్ ఎవరిదో పట్టుచీర మీద ఒలికింది. మాస్టారి బావగారు "ఎవడయ్యా ఈ ఏర్పాటు చేసింది?" అని మండిపడి, మెతుకు ముట్టకుండా బస్సెక్కేశారు. ఉపేంద్ర గుమ్మానికి అడ్డంగా నిలబడి, అందరికీ ఉంది, కాస్త ఆగండని గొంతు పోయేలా మొత్తుకున్నాడు. నిజంగానే అందరికీ ఉంది. వినే నాథుడే లేడు.

సద్దుమణిగాక, చొక్కా నిండా సాంబారు మరకలతో అతను మాస్టారి ముందుకు వచ్చాడు. ఏడుపొక్కటే తక్కువ.

"వంట చాల్లేదా?" అన్నారాయన.

"గంగాళం అన్నం మిగిలిందండీ."

"మరి చోటు?"

"రెండింటి నుంచీ బల్లలన్నీ ఖాళీయే."

"ఇంకేం, నీ లెక్క సరిగ్గానే ఉంది," అన్నారు మాస్టారు, మెడలోని దండ తీసి పక్కన పెడుతూ. "మా బావకి ఫోన్ చేసి చెప్పు, మొత్తం మీద చోటు సరిపోయిందని. ఆ తర్వాత గూడెం పిల్లలకీ చెబుదువుగాని."